గోడ లోపలికెళ్తే మళ్లీ చూడనివ్వరా?

ప్రశ్న: నమస్తే అండి, మాది పలాస దగ్గర పల్లె. మా అన్నయ్య కూతురు డిగ్రీ అయింది, ఇప్పుడేమో కార్మెల్ మఠంలో (కేథలిక్ సన్యాసినుల మఠం) చేరతానంటంది. బడి, ఆసుపత్రి నడిపే సిస్టర్స్ కాదంట, అసలు బయటికే రానోళ్లంట. మా వదిన అన్నం మానేసింది. లోపల రూల్స్ ఏటి, గుంటని మళ్లీ చూడనిస్తారా?
– ఒక చిన్నాన్న, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ముందు వదినగారిని అన్నం తినమనండి. ఇవాళ చేరి రేపు శాశ్వత మాటపట్టు (దేవుడికిచ్చే వ్రతం) ఇచ్చేయడం కుదరదండి, 2018లో రోమ్ పెట్టిన నియమం ప్రకారం ఆస్పిరెన్సీ, పోస్టులెన్సీ (చేరే ముందు పరిచయ దశలు), నోవిషియేట్ (మాటపట్టుకి ముందు శిక్షణ), తాత్కాలిక మాటపట్టు అన్నీ కలిపి తక్కువలో తక్కువ 9 ఏళ్లు పడతాది. నోవిషియేట్ దాకా ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు వచ్చేయొచ్చు, వాళ్లే నీకిది సరిపడదమ్మా అని పంపేయొచ్చు కూడా.

రోజు సంగతంటారా, తెల్లారకముందే లేస్తారు, గంట కొడితే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలి గుడికెళ్లాలి, పూజ, వేళల ప్రార్థనలు కాక మౌనంగా రెండు గంటలు ధ్యానం, అది ఈ మఠాలని సంస్కరించిన అవిలా తెరేసమ్మ పెట్టింది. మధ్యలో కుట్టుపని, తోటపని, చాలా మఠాల్లో పూజకి అప్పాలు (గుడిలో పంచే పల్చటి రొట్టె బిళ్లలు) చేస్తారు. జబ్బు చేస్తే తప్ప మాంసం లేదు (చేప ఆ లెక్కలోకి రాదు లెండి). సెప్టెంబర్ 14 సిలువ పండగ నుంచి ఈస్టర్ దాకా ఉపవాస కాలం. రోజంతా నోరు మూసుకునే ఉంటారనుకోకండి, కబుర్లకి కూడా రోజూ టైమ్ ఉంటాది, అదీ రూలే! నన్నడిగితే మౌనం కన్నా కష్టం ఇంకోటుంది, మఠానికి 21 మందే అని లెక్క పెట్టింది కూడా తెరేసమ్మే, ఆ కొద్దిమందితోనే జీవితాంతం సర్దుకుపోవాలి, అందులో మనకి పడనోళ్లు ఉండరా ఏటి.

చూడనిస్తారు. పార్లర్ గదిలో (చూడ్డానికి వచ్చినోళ్ల గది) కూర్చుని మాట్లాడొచ్చు, చాలాచోట్ల మధ్యలో ఊచలుంటాయి. మీరు జీడిపప్పు పట్టుకెళ్తే గోడలో గుండ్రంగా తిరిగే చెక్క అర ఒకటుంటాది, అందులో పెట్టి తిప్పితే అటువైపు తీసుకుంటారు, తీసుకున్న మనిషి కనపడదు. ఆ పప్పు అమ్మాయి ఒక్కదానికే కాదు, అందరికీ పంచుతారు, సొంతం అనేది ఉండదు కాబట్టి. ఒంట్లో బాలేకపోతే ఆసుపత్రికి బయటికి తీసుకెళ్తారు, దానికి భయం లేదు.

నెలకెన్నిసార్లు కలవొచ్చు, ఉత్తరాలు, ఫోన్ సంగతేటి, తపస్సు కాలంలో (ఈస్టర్ ముందు నలభై రోజులు) రానిస్తారా అన్నవి ఒక్కో మఠంలో ఒక్కోలా ఉంటాయి. వదినగారిని వెంటబెట్టుకెళ్లి అక్కడి మదర్‌గారినే అడగండి, అమ్మాయి చేరకముందే.