'సూత్కి'ని ఉత్త 'రోజు' అనుకోకండి

రష్యన్ డిక్షనరీలో 'సూత్కి', 'ద్యేన్' రెండింటికీ 'రోజు' అనే ఉంది, మరి తేడా ఏమిటని అడిగారు. నేను రష్యాలో మెడిసిన్ చదివేటప్పుడు ఈ తేడా వార్డులో తెలిసొచ్చింది.

ఒక పెద్దావిడకు 'సూతచ్నయా' మూత్రపరీక్ష రాశారు. సూత్కి నుంచి వచ్చిన విశేషణమే అది. నేను పగటిపూట అనుకుని, పొద్దున్నుంచి చీకటి పడేదాకా డబ్బాలో పట్టమని చెప్పాను. రాత్రిది ఆవిడ పారబోసింది. నిజానికి పొద్దున మొదటిసారి వచ్చింది వదిలేసి, అక్కణ్నుంచి మర్నాడు పొద్దున మొదటిసారి వచ్చినదాంతో సహా అంతా పట్టాలి. మళ్లీ మొదటికొచ్చింది. డెబ్బై దాటిన మనిషిని నా వల్ల ఇంకో రోజు ఇబ్బంది పెట్టాల్సి వచ్చిందని చాలా బాధపడ్డాను.

సూత్కి అంటే పగలూ రాత్రీ కలిపి 24 గంటలు. ఏ గంటకు మొదలైతే మర్నాడు ఆ గంట దాకా. ద్యేన్ అంటే పగలు, మామూలుగా రోజులు లెక్కపెట్టడానికీ అదే మాట. మన 'రేయింబవళ్లు' సూత్కికి దగ్గరే, కానీ మనం 'మూడు రేయింబవళ్లు' అని లెక్కపెట్టడం అరుదు. వాళ్లు లెక్కపెడతారు. మన లాడ్జిల్లో '24 గంటల చెకౌట్' అని బోర్డు ఉంటుంది చూడండి, ఆ లెక్కే సూత్కి. అద్దె ఫ్లాట్ల ప్రకటనల్లో 'పసూతచ్న' అని కనిపిస్తే సూత్కికి ఇంత అని అర్థం. రాత్రంతా తీసి ఉండే మందుల షాపు మీద 'క్రుగ్లసూతచ్న' అని రాసి ఉంటుంది.

టెన్షన్ పెట్టేది వ్యాకరణం. దీనికి ఏకవచనం లేదు, ఒక్కటైనా 'అద్నీ సూత్కి' అని బహువచనమే. రెండుకు మామూలు 'ద్వా' పనికిరాదు, 'ద్వోయె సూతక్' అనాలి (సూత్కియే ఇక్కడ 'సూతక్'గా మారుతుంది). మూడుకు 'త్రోయె', నాలుగుకు 'చేత్వెరొ'. ఇక్కడ తెలుగు నాకు బాగా ఉపయోగపడింది. ఈ ద్వోయె, త్రోయెలు మన ఇద్దరు, ముగ్గురు లాంటివి, మనుషులకూ వాడతారు. 'రెండు మనుషులు' అంటే మన చెవికి ఎలా తప్పుగా తగులుతుందో 'ద్వా సూతక్' వాళ్లకు అలాగే తగులుతుంది. అయిదు నుంచి మామూలు అంకెలే, 'ప్యాత్ సూతక్'. 22, 23, 24 దగ్గర మాత్రం రష్యన్లకే దారి లేదు, సూత్కిని వదిలేసి 'ద్వాద్సత్ ద్వా ద్న్యా' అని ద్యేన్ లోకి మారిపోతారు. ఇది కంఠతా పట్టకండి, ఆ అంకెలు వస్తే ద్యేన్ వాడేయండి.

నాకు ఇవన్నీ నోటికి అలవాటైంది 'సూత్కి చెరెజ్ త్రోయె' అనే మాటతో. 24 గంటలు డ్యూటీ, తర్వాత మూడు సూత్కిలు సెలవు. అంబులెన్స్ వాళ్లు, వాచ్‌మన్లు తమ షిఫ్టు గురించి ఇలాగే చెప్పుకుంటారు. ఆసుపత్రిలో ఎవరినైనా డ్యూటీ ఎలా ఉందని అడిగి చూడండి, ఈ పదం వినిపిస్తుంది.