మా అన్నయ్యకు హాడ్జ్‌కిన్ లింఫోమా అని తేలింది. ఇంట్లోవాళ్లం ఏం చేస్తే నిజంగా పనికొస్తుంది?

నాకూ వచ్చింది ఆ జబ్బే. ట్రీట్‌మెంట్ పూర్తయి ఏళ్లయింది, ఇప్పుడు ఏడాదికోసారి చెకప్‌కి వెళ్లొస్తున్నానంతే. బాగా నయమయ్యే క్యాన్సర్లలో ఇదొకటి, ముందు ఆ మాట ఇంట్లో అందరికీ చెప్పండి. మిగతాది మంచం మీద ఉన్నవాడి వైపు నుంచి చెప్తాను.

నాకు మెడ పక్కన నొప్పి లేని గడ్డ, రాత్రుళ్లు బట్టలు తడిసిపోయేంత చెమట. బయాప్సీ రిపోర్టు వచ్చాక పెద్దవాళ్లు "వాడికి ఇప్పుడే చెప్పొద్దు" అనుకున్నారట. నా భార్య ఒప్పుకోలేదు, రిపోర్టు తెచ్చి నా చేతికే ఇచ్చింది. నన్నడిగితే ఆ మొత్తం కాలంలో నాకు జరిగిన పెద్ద మేలు అదే. తర్వాత పక్కగదిలో ఎవరు మెల్లగా మాట్లాడుకున్నా నాకేదో దాస్తున్నారన్న అనుమానం రాలేదు.

నాకిచ్చింది ఏబీవీడీ అనే నాలుగు మందుల కీమో, రెండు వారాలకోసారి. అందులో డాక్సోరుబిసిన్ ఎర్రగా ఉంటుంది, అది ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా రావచ్చు. మీ అన్నయ్యకి ఇదే మందు రాస్తే ముందే చెప్పి ఉంచండి, లేకపోతే రక్తం అనుకుని హడలిపోతారు. ఆ నాలుగింటిలోనే ఉండే బ్లియోమైసిన్ ఊపిరితిత్తుల మీద పడొచ్చు. పొడిదగ్గు, ఆయాసం మొదలైతే తర్వాతి కీమో దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పాలి.

ఇక థర్మామీటరు. కీమో తర్వాత ఒకటి రెండు వారాల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చినా, దాటినా అది మామూలు జ్వరం కాదు, ఎమర్జెన్సీ. ఒకసారి అర్ధరాత్రి నాకు ఒళ్లు కాలిపోయింది. లేచే ఓపిక లేదు, పొద్దున చూద్దామన్నాను. మా ఆవిడ వినిపించుకుంటేగా! ఫైలు, బట్టలు సర్దిన బ్యాగు ఎప్పటినుంచో తలుపు దగ్గరే ఉందని నాకప్పుడే తెలిసింది. బావమరిది కారు తెచ్చాడు, వెళ్లగానే యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. డాక్టర్ని అడక్కుండా పారాసిటమాల్ మాత్రం వెయ్యకండి. జ్వరం కనబడకుండా పోతుంది, ఇన్‌ఫెక్షన్ లోపల ఉండనే ఉంటుంది.

మిగతా పనులు తలో చెయ్యీ వేశారు. ఫోన్లన్నీ మా అన్నయ్య తన వైపు తిప్పుకున్నాడు. వాట్సాప్ వైద్యాలు పంపేవాళ్లకి సమాధానం చెప్పడం కూడా ఆయన డ్యూటీయే. నాన్న పెద్దగా మాట్లాడే మనిషి కాదు, కీమో రోజు పక్క కుర్చీలో పేపరు చదువుకుంటూ కూర్చునేవారు. "ధైర్యంగా ఉండు" అని పదిసార్లు అనేవాళ్లకన్నా ఆయనే నయమనిపించేది. ధైర్యంగా ఉన్నట్టు కనబడటం కూడా ఒక చాకిరీనే కదా. మా పాపకి మాత్రం నిజమే చెప్పాం: నాన్నకి జుట్టు ఊడుతుంది, మళ్లీ వస్తుంది, ఇది అంటుకునే జబ్బు కాదు అని.

ఇంట్లో ఎవరూ నోరెత్తని విషయం ఒకటుంది. మీ అన్నయ్యకి ముందుముందు పిల్లలు కావాలనుకుంటే, మొదటి కీమోకి ముందే వీర్యం భద్రపరచడం గురించి డాక్టర్ని అడగండి. మొదలయ్యాక అడిగితే ఆలస్యమైపోతుంది. మొహమాటపడితే మీరే అడిగిపెట్టండి.

వదినగారినీ కాస్త చూసుకోండి. మా చెల్లెలు అప్పుడప్పుడూ వచ్చి నా దగ్గర కూర్చుని, నా భార్యని బలవంతంగా నిద్రపొమ్మనేది. ఆ నిద్రే లేకపోతే ఆవిడ మంచాన పడేది.

ట్రీట్‌మెంట్ అయ్యాక అందరూ హమ్మయ్య అనుకుంటారు. నాకైతే అసలు టెన్షన్ అప్పుడే మొదలైంది, స్కాన్ దగ్గరపడుతుంటే నిద్ర పట్టేది కాదు. నీరసం కూడా నెలల తరబడి ఉంది. "ఇంకా ఏంటి, తగ్గిపోయిందిగా" అనకండి. మీ అన్నయ్యది ఏ స్టేజో, ఏ కీమో అన్నారో ఇక్కడ రాస్తే, ఆ ట్రీట్‌మెంట్‌తో ఇంట్లో రోజులు ఎలా గడుస్తాయో నాకు తెలిసినంతవరకు చెప్తాను.