తొమ్మిదో తరగతిలో సంగీతం మొదలుపెడితే ఆలస్యమా?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఏ సినిమా పాటైనా రెండుసార్లు వింటే పాడేస్తుంది. ఇప్పుడు శాస్త్రీయ సంగీతం నేర్చుకుంటానంటోంది. ఆలస్యమైందా? కర్ణాటకమా, హిందూస్థానీయా? రేపు ఉపాధికి పనికొస్తుందా?

జవాబు: ఆలస్యమేమీ కాలేదండి. విని పట్టేయగలగడం మంచి బలం. చిక్కు కూడా అక్కడే ఉంది. సినిమా పాటలో వాయిద్యాలు గొంతును మోస్తాయి. అవి తీసేస్తే స్వరం ఎటు జారుతోందో పిల్లలకు తెలియదు. అందుకే మొదటి ఆరు నెలలూ ఎన్ని పాటలు వచ్చాయని అడగకండి. శ్రుతి (పాటకు ఆధారంగా పెట్టుకునే స్వరం ఎత్తు), తాళం కుదిరాయా అన్నదే చూడండి.

ముందు ఆమె శ్రుతి తేల్చాలి. తంబూరా యాప్‌లో అయిదు కట్టై (కట్టై అంటే శ్రుతి ఎత్తుకు కొలత) పెట్టి షడ్జం, అంటే 'స' పట్టమనండి. అక్కణ్ణుంచి కింది పంచమం ('ప') దాకా దిగినప్పుడు గాలి తప్ప నాదం రాకపోతే శ్రుతి ఒక మెట్టు పెంచాలి. పై గాంధారం ('గ') దగ్గర మెడ నరాలు బిగుస్తుంటే తగ్గించాలి. ఆడపిల్లలకు ఎక్కువగా అయిదు, ఆరు కట్టైల మధ్య కుదురుతుంది. గుంపుగా నేర్పే చోట అందరికీ ఒకే శ్రుతి పెడతారు. ఏళ్ల తరబడి తనది కాని శ్రుతిలో పాడితే గొంతు అరిగిపోతుంది. కాబట్టి ఇంటి సాధన మాత్రం తన శ్రుతిలోనే జరగాలి.

కర్ణాటకంలో పాఠం మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలనే తొలి వరుసలతో మొదలై జంట స్వరాలు, అలంకారాలు, గీతాలనే చిన్న పాటల మీదుగా, వర్ణమనే పెద్ద రచనకు చేరుతుంది. ఈ వరుస కన్నడ వాగ్గేయకారుడు పురందరదాసు ఏర్పరచినదని సంప్రదాయం చెబుతుంది. సినిమా పాటలకు అలవాటుపడ్డ చెవి ఇక్కడ ఒక తప్పు చేస్తుంది. ఈ రాగంలోని శుద్ధ రిషభం (కింది 'రి') షడ్జానికి దగ్గరగా ఉండాలి. పిల్లలు తెలియకుండానే దాన్ని పైకి లాగి శంకరాభరణమనే మరో రాగంలోకి వెళ్లిపోతారు. 'స రి స' మాత్రమే నిదానంగా పాడించండి. తర్వాత తంబూరా ఆపి ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) పాడమని, షడ్జం మీద నిలిచినప్పుడు తంబూరా మళ్లీ పెట్టండి. రెండూ కలిశాయా లేదా అన్నది మీ చెవికే తెలిసిపోతుంది.

తాళంలోనూ ఇలాంటి తప్పే జరుగుతుంది. ఆదితాళానికి ఎనిమిది క్రియలు (చేతి కదలికలు): ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్ల లెక్క, ఆపైన రెండుసార్లు దెబ్బ, విసురు. మొదటి కాలంలో (కాలం అంటే వేగం) క్రియకొక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. కాలం పెరిగేకొద్దీ చెయ్యి కూడా గొంతు వెంట పరుగెత్తుతుంది. చెయ్యి వేగం మారకూడదు. మూడు కాలాలూ తడబడకుండా వచ్చేదాకా తర్వాతి వరుసకు వెళ్లవద్దు. రోజూ ఇరవై నిమిషాలు రెండు పూటలు చాలు. ఆదివారం మూడు గంటలు కూర్చోబెడితే ఫలితం ఉండదు. గొంతు బొంగురుపోతే ఆ రోజు సాధన ఆపేయాలి. రెండు వారాలైనా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించాలి.

ఇక ఏ సంప్రదాయం అన్నది. తెలుగు పిల్లకు కర్ణాటకంలో ఒక సౌలభ్యం ఉంది: త్యాగరాజ కీర్తనల సాహిత్యం తన భాషే. హిందూస్థానీలో ముఖ్యమైన గాన రీతి ఖయాల్‌లో మాటలు తక్కువ, రాగ విస్తారం ఎక్కువ. మాయామాళవగౌళ, హిందూస్థానీ రాగం భైరవ్ రెండింటి స్వరాలూ ఒకటే. ఒక పూట ఇది, ఒక పూట అది వినిపించండి. అవే స్వరాలు కర్ణాటక గమకంతో (స్వరాన్ని ఊపి పలికే తీరుతో) ఎలా నడుస్తాయో, భైరవ్‌లో రిషభ ధైవతాలు ('రి', 'ద') ఎంత నిదానంగా ఊగుతాయో ఆమెకే వినబడుతుంది. మనసు ఎటు లాగితే అటు వెళ్లనివ్వండి. కాకపోతే మంచి గురువు దగ్గర్లో దొరికే సంప్రదాయమే నా ఓటు. మొదటి రెండు మూడేళ్లు రెండూ కలపకపోవడం మేలు.

ఉపాధి సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. కచేరీల మీదే బతికేవాళ్లు కొద్దిమంది. బోధన, రికార్డింగ్, కచేరీ కలిపితే నిలకడగా ఉంటుంది. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపై రెండేళ్ల డిప్లొమా ఉన్నాయి. 1919లో మొదలైన విజయనగరం మహారాజా సంగీత కళాశాల వాటిలో పాతది. ఆకాశవాణి ఆడిషన్‌లో వచ్చే గ్రేడుకు కళాకారుల్లో విలువ ఉంది. ఇంటర్ దాకా మామూలు చదువు వదలనివ్వకండి.

వచ్చే ఏడాది పదో తరగతి అని సంగీతం మాన్పించాలనిపిస్తుంది. మాన్పించకండి. కొత్త పాఠాలు ఆపి, పొద్దున్నే పదిహేను నిమిషాలు పాత వరుసలే పాడించండి.