ఎకో టూరిజం ప్రణాళికను వెనక పేజీల నుంచి చదువు

అమ్మాయీ,

మారేడుమిల్లి మండలంలో ఓ కొండరెడ్ల ఊరికి వేసిన ఎకో టూరిజం ప్రణాళిక నీ దగ్గరికి పరిశీలనకు వచ్చిందన్నావు. ముందు పేజీలన్నీ జలపాతాలు, డప్పులు, నవ్వు మొహాలే ఉంటాయి. వాటిని వదిలేసి వెనక నుంచి చదవడం మొదలుపెట్టు.

ముందు గదుల లెక్క. ఆరు గుడారాలు, ఒక్కోదానికి రోజుకు 1,500 రూపాయల అద్దె, ఏడాదంతా 70 శాతం నిండుతాయని రాస్తారు. అంటే 1,533 అద్దె రాత్రులు, దాదాపు 23 లక్షలు. ఇప్పుడు నువ్వు వేసి చూడు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా శుక్ర, శనివారం రాత్రులు ఓ 43 ఉంటాయి. అవన్నీ నిండాయనుకో, 258. అదే సీజన్లో మిగతా రోజులకు 20 శాతం వేస్తే 130. మిగిలిన ఏడు నెలలకు పది శాతం వేసినా 128. మొత్తం 516, అంటే 7.74 లక్షలు. అయిదుగురు పనివాళ్లకు నెలకు 8,000 చొప్పున ఇస్తే 4.8 లక్షలు అక్కడే పోతాయి. మిగిలిన దాంట్లోంచే దుప్పట్లు, డీజిల్, మరమ్మతులు చూసుకోవాలి. నేలకు తగిలే వెదురుకు మందు పెట్టకపోతే రెండు మూడేళ్లలో చెద తినేస్తుంది. అందుకే ఏటా వచ్చే డబ్బులో పదో వంతు మరమ్మతు నిధికి పక్కన పెట్టమని రాయించు. ఆ వరస లేని ప్రణాళికను వెనక్కి పంపెయ్.

నీళ్ల సంగతి దగ్గర కాస్త మొండిగా ఉండు. 'ఏడాది పొడవునా పారే ఊట' అన్న మాట కాగితం మీద నమ్మకు. మే నెలలో పొద్దున్నే వెళ్లి, పది లీటర్ల బకెట్ పెట్టి గడియారం చూడు. నిండటానికి నిమిషం పట్టిందనుకో, రోజుకు 14,400 లీటర్లు. యాభై ఇళ్ల ఊరు, ఇంటికి అయిదుగురు, మనిషికి 55 లీటర్ల చొప్పున ఊరికే 13,750 కావాలి. మిగిలేది 650. పన్నెండు మంది అతిథులకు 135 చొప్పున 1,620 లీటర్లు ఎక్కణ్ణుంచి తెస్తారు? పశువుల లెక్క ఇంకా వెయ్యనేలేదు. అలాంటి చోట వేసవిలో మూసేస్తామని ప్రణాళికలోనే ఉండాలి. మరుగుదొడ్ల ఇంకుడు గుంత ఊటకు పైన గీసి ఉంటే బొమ్మ మార్పించు.

పటంలో కనిపించనిది ఇంకోటుంది. కార్తీక మాసంలో జనం విరగబడతారు. పోడు కోతలూ ఆ రోజుల్లోనే. అదే ఆడవాళ్లు వంటకూ, కోతకూ ఎలా వస్తారో అడుగు. బొంగు చికెన్ అమ్ముతామంటే, పచ్చి బొంగు ఒకసారికే పనికొస్తుంది కాబట్టి, వారానికి ఎన్ని గెడలు నరుకుతారో, ఏ కొండవో రాయించు. అటవీ హక్కుల చట్టం ప్రకారం వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తే. దాని మీద మాట ఊరిదే, కాంట్రాక్టరుది కాదు.

ఇక పాస్‌బుక్కు. ఎవరెవరి సంతకంతో డబ్బు బయటికొస్తుంది? వన సంరక్షణ సమితి, అంటే అడవిని చూసుకునే ఊరివాళ్ల సంఘం, పేరు పైన ఉండి, నిర్వహణ ఒప్పందం మాత్రం పట్నం మనిషితో పదిహేనేళ్లకు ఉంటే అక్కడ ఆగు. 1970 నాటి ఒకటో నిబంధన, మనవాళ్లు వన్ ఆఫ్ సెవెంటీ అనేది, ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి అమ్మకాన్నే కాదు, లీజునూ ఆపుతుంది. 'సాంకేతిక భాగస్వామి' అనే ముసుగు కింద వచ్చేది చాలాసార్లు ఆ లీజే.

గ్రామసభ తీర్మానం జిరాక్సు చూసి సరిపెట్టుకోకు. అటవీ హక్కుల నియమాల లెక్కన సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చిన వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. వేలిముద్రలు లెక్కపెట్టు. అన్నీ ఒకే సిరా, ఒకే ఒత్తుడు అయితే మళ్లీ సభ పెట్టించు. తేదీ కూడా చూడు. సంత రోజున పెట్టిన సభకు ఊళ్లో ముసలాళ్లు తప్ప ఎవరూ ఉండరు.

భద్రతకు ఒక్క పేజీ చాలు గానీ అందులో పాము కరిస్తే రంపచోడవరం ఆసుపత్రికి ఏ బండిలో, ఎంతసేపట్లో చేరతారో ఉండాలి. వానాకాలం వాగు పొంగితే ఎవరు తాడు కట్టి దారి మూస్తారో కూడా.

మే మొదటి వారంలో వెళ్లు. బకెట్ నువ్వే తీసుకెళ్లు, అక్కడ దొరికేవి సొట్ట పడి ఉంటాయి, లెక్క తప్పుతుంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న