తడబడుతున్న కుర్ర సెంటర్‌ని బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఉంచాలా? మేం తీసేశాం, ఏమైందో చెప్తా

తమ్ముడూ, మీ సెంటర్, అంటే బుట్ట దగ్గర ఆడే పొడుగోడు, 19 ఏళ్ల కుర్రాడు, ఆరడుగుల నాలుగంగుళాలు, ఈ సీజన్లో బాల్ చేతిలో నిలవట్లేదు, హాఫ్‌టైమ్‌కే నాలుగు ఫౌల్స్, వాణ్ణి తీసేసి కాస్త పొట్టైనా అనుభవం ఉన్నాయన్ని తెచ్చుకుందామా అని కదా అడిగావు. తీసేయకు. ఆ పని శ్రీకాకుళంలో మేం చేశాం.

మా టీమ్‌కి ఆమదాలవలస వైపు నుంచి ఓ కుర్రాడు వచ్చేవాడు, బస్సులో తల వంచుకుని నిలబడేంత పొడుగు. ఇంక జిల్లాలో మనకి ఎదురేటి అనుకున్నాం. తీరా చూస్తే పాస్ ఇస్తే వేళ్లకి తగిలి పోయేది, రీబౌండ్‌కి, అంటే బుట్టలో పడక తిరిగొచ్చే బాల్‌కి, సగం లేచి ఆగిపోయేవాడు, ఎగరరా బాబూ అని అరిస్తే నవ్వేవాడు, ఆ నవ్వుకి మాకు ఇంకా మండేది. విజయనగరం వాళ్లతో మ్యాచ్‌లో ఐదు ఫౌల్సూ అయిపోయి బయటికొచ్చి కూర్చున్నాడు. ఆ రాత్రే టీ కొట్టు దగ్గర నలుగురం అనేసుకున్నాం వద్దని. మర్నాడు వాడికి చెప్పింది నేనే.

చాన్నాళ్లకి వాడితో బస్సులో వచ్చే ఇంకో కుర్రాడు చెప్పాడు, వాడి కాలు పన్నెండో నంబరంట. అప్పుడు మేం కొనే షాపుల్లో పది దాటి ఉండేవి కావు, వైజాగ్ వెళ్లి కొంటానని ఇంట్లో అడగలేక పదో నంబర్ షూలోనే వేళ్లు ముడుచుకుని సీజనంతా ఆడాడు. మాలో ఒక్కడూ అడగలేదు మరి. తర్వాత వాళ్లూర్లో వాలీబాల్ ఆడుతుంటే చూశాను, ఒట్టి కాళ్లతో, నెట్ పైకి మోచేతి దాకా లేస్తున్నాడు!

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ వాళ్లూ ఇలాంటివి చేశారులే. జెర్మెయిన్ ఓనీల్‌ని పోర్ట్‌లాండ్ టీమ్ 1996లో తీసుకుని నాలుగేళ్లు ఎక్కువగా బెంచ్ మీదే కూర్చోబెట్టి, 2000లో డేల్ డేవిస్ అనే ఆటగాడి కోసం ఇండియానా టీమ్‌కి ఇచ్చేసింది, అక్కడ ఆడే టైమ్ దొరికేసరికి 2002 నుంచి వరసగా ఆరుసార్లు లీగ్ మేటి ఆటగాళ్లాడే ఆల్‌స్టార్ మ్యాచ్‌కి ఎంపికయ్యాడు. అలాగని ఎత్తుంటే చాలని కాదు. 2009 డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే చోట, హషీమ్ తబీత్ ఏడడుగుల పైన మనిషి, రెండో నంబర్లో పోయాడు, తర్వాత పెద్ద స్టార్ అయిన స్టెఫ్ కర్రీ ఏడో నంబర్, తబీత్‌కి ఐదు సీజన్ల తర్వాత ఎన్‌బీఏలో చోటే లేదు.

కాబట్టి ముందు వాడు ఎందుకు తడబడుతున్నాడో చూడు. ఫౌల్స్ ఎక్కువంటే చాలాసార్లు కాలు లేటు, చోటుకి చేరేలోపు షాట్ లేచిపోతుంది, అప్పుడు చెయ్యి కిందికి కొడతాడు. చేతులు నిటారుగా పైకెత్తి నిలబడడమే ఓ నెల నేర్పు. బాల్ నడిపించే మీ గార్డులు పాస్ ఎక్కడికిస్తున్నారో ఫోన్లో వీడియో తియ్యి, అంత పొడుగోడికి మోకాళ్ల దగ్గరకి బౌన్స్ పాసిస్తే ఎవడు పట్టుకుంటాడు? స్క్రీన్ పెట్టడం, అంటే మనవాడి కోసం ఎదుటోడి దారికి అడ్డంగా నిలబడడం, రీబౌండ్ తియ్యడం, ఇంకేం అడగొద్దు, నాలుగైదు నిమిషాలు ఆడించి కూర్చోబెట్టి మళ్లీ పంపు. వాడికే ఆట మీద మనసు లేకపోతే అది వేరే సంగతి, అప్పుడు వాడే ప్రాక్టీస్‌కి రావడం మానేస్తాడు, నువ్వు తీసేయక్కర్లేదు.

ఆ అనుభవం ఉన్నాయన్ని కూడా రప్పించుకో, ప్రాక్టీస్‌లో రోజూ వీడి మీద ఆడించు. షూ నంబర్ మాత్రం ఇవాళే అడుగు.