దూలమా, స్తంభమా, వాసమా?

ప్రశ్న: పాలిటెక్నిక్ పిల్లలకి కలప కట్టడాల పాఠం తెలుగులో రాస్తున్నాను. పక్కనుంచి బరువు పడి వంగుతూ, అదే టైంలో పొడుగునా ఒత్తిడి కూడా మోసే కర్రని ఒక పాత నోట్సులో "నమన అక్షీయ సంయుక్త భారమునకు లోనగు దూల-స్తంభము" అన్నారు. దూల-స్తంభం అనొచ్చా? బెండింగ్ (వంగడం), బక్లింగ్ (పొడుగునా నొక్కితే పక్కకి పోవడం) రెంటికీ వంపు అనే రాస్తున్నాం, సరేనా?

జవాబు: అయ్యా, ముందు ఆ నమనం సంగతి. మాట తప్పేం కాదు, కానీ వంగడం, వంచడం, వంపు అని మూడు మాటలు మన నోట్లోనే ఉండగా పిల్లాడి చేత నమనం అని బట్టీ పట్టించడం ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు. మునుగు, ముంచు, ముంపు. తెగు, తెంచు, తెంపు. పెరుగు, పెంచు, పెంపు. అదే వరసలో వంగు, వంచు, వంపు. కర్ర వంగుతుంది, బరువు దాన్ని వంచుతుంది, మనం లెక్క కట్టేది వంపు. ఇంత శుభ్రమైన వరస ఉన్నాక ఇంకో మాట అరువు తెచ్చుకోవాల్సిన పనేముంది? మొక్కై వంగనిది మానై వంగునా అన్నవాళ్ళకి కలప గురించి మనకంటే బాగానే తెలుసు.

ఇక అసలు ప్రశ్న. దూలం అడ్డంగా పడుకునేది, స్తంభం నిలబడేది, ఈ రెంటినీ గీత పెట్టి అతికిస్తే మాట అవదు, బీమ్-కాలమ్ అనే ఇంగ్లీషు మాటకి తెలుగు చొక్కా తొడిగినట్టు ఉంటుంది. రెండు పనులూ చేసే కర్రకి మన ఇళ్ళలో ఎప్పుడో పేరుంది, వాసం. పెంకుటింటి పైకప్పు చూడండి. రెండు వైపుల వాసాలూ కొప్పు దగ్గర ఒకదాన్నొకటి ఆనుకుని ఏటవాలుగా దిగుతాయి, పెంకుల బరువు నిలువుగా పడుతుంది కదా, అందులో కొంత వాసానికి అడ్డంగా పనిచేసి దాన్ని వంచుతుంది, కొంత వాసం పొడుగునా కిందికి నొక్కుతుంది. మీ పాఠంలో ఉన్నది సరిగ్గా ఇదే. ఆ వాసాల కాళ్ళు బయటికి జారకుండా కింద అడ్డంగా కట్టిన దూలం ఉంటుందే, దానిమీద అటక వేసి సామాన్లు పెడితే అది ఒకపక్క వంగుతూ ఇంకోపక్క లాగుడు కూడా మోస్తుంది, అంటే ఇది వంపూ లాగుడూ కలిసిన రెండో కేసు.

వాసం ఎక్కడిదంటే, వంశం నుంచి వచ్చిందనే వాదం వైపే నేను ఉంటాను. సంస్కృతంలో వంశమంటే వెదురు, తర్వాత ఇంటి పైకప్పు కర్ర, కణుపు మీద కణుపుగా సాగేది కాబట్టి ఆ తర్వాత కుటుంబ పరంపర. అథర్వవేదం మూడో కాండలో పన్నెండో సూక్తం ఇల్లు కట్టేటప్పటిది, అందులో "ఋతేన స్థూణామధి రోహ వంశ" అని ఉంది, ఓ వంశమా, క్రమం తప్పకుండా స్తంభం ఎక్కు అని కర్రని పేరు పెట్టి పిలుస్తున్నారు! ఎంత మర్యాద చూడండి, మనమేమో దాన్ని "సభ్యం" అంటున్నాం, కట్టడంలో ఒక్కో కర్రని ఇంగ్లీషులో మెంబర్ అంటారు, మెంబర్ అంటే సభ్యుడు కదా అని. ధ్వని విషయానికొస్తే సున్న పోయి ముందు అచ్చు దీర్ఘం కావడం ప్రాకృతాల్లో మామూలే, వింశతి వీస అయింది, హిందీలో వెదురుని బాఁస్ అనేది కూడా ఈ వంశమే. మన వాసం కూడా అదే దారిలో వచ్చి ఉండాలి. కాదు, దేశ్యమే అని ఎవరైనా అంటే కొట్టిపారెయ్యను గానీ గట్టి రుజువు చూపమంటాను. నివాసంలో ఉన్న వాసం వేరే ధాతువు, దీనితో కలపకండి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అన్నప్పుడు మాత్రం ఈ వాసమే.

బక్లింగ్‌కి వంపు వద్దు. రెండూ ఒకటే మాటైతే పాఠం మధ్యలో పిల్లాడు తప్పిపోతాడు. పక్కనుంచి బరువు పడి వంగేది వంపు, పొడుగునా నొక్కితే తట్టుకోలేక ఒక్కసారి పక్కకి పోయేది మొగ్గు. కాటా మొగ్గింది అంటాం కదా, ఎటో ఒకవైపు పోవడం ఆ మాటలోనే ఉంది. కలప కట్టడాల లెక్కలకి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 883లో కూడా ఈ తేడా మీదే లెక్క నడుస్తుంది, ఊతం లేని పొడుగుని కర్ర సన్నటి వైపు కొలతతో భాగిస్తే 11 దాటని పొట్టి కర్రకి మొగ్గు భయం పెద్దగా లేదు, 11 దాటిన దగ్గర్నుంచీ అనుమతించే ఒత్తిడి తగ్గుతూ వస్తుంది, 50 దాటితే ఆ కర్రే పనికిరాదు. తర్వాత పొడుగునా నొక్కడం వల్ల కర్రలో వచ్చిన ఒత్తిడిని దానికి అనుమతించిన ఒత్తిడితో, వంపు వల్ల వచ్చిన దాన్ని వంపుకి అనుమతించిన దానితో భాగించి రెండూ కూడాలి, మొత్తం 1 దాటకూడదు. వంపు 0.6, ఒత్తిడి 0.5 అనుకోండి, విడివిడిగా రెండూ పాసే, కలిపితే 1.1, ఫెయిల్. పైగా వంగిన కర్రని పొడుగునా నొక్కితే ఆ వంపు ఇంకా పెరుగుతుంది, అదే లాగితే తగ్గుతుంది, ఇది మీ పాఠంలో తప్పకుండా చెప్పండి. "సంయుక్త భారము" అన్న రెండు ముక్కల్లో ఇదంతా మూసేస్తే ఎలా? వంపూ ఒత్తిడీ కలిసినప్పుడు, వంపూ లాగుడూ కలిసినప్పుడు అని విప్పి రాయండి, ఒక లైను ఎక్కువైనా పర్లేదు.

తీర్పు అడిగారు కాబట్టి, ఏటవాలు కర్రకి వాసం అనడానికి నాకు ఏ సందేహమూ లేదు. నిలువుగా ఉండి పక్కనుంచి గాలి దెబ్బ కూడా తినే కర్రని వాసం అంటే ఏ వడ్రంగీ ఒప్పుకోడు, దాన్ని స్తంభం అనే ఉంచి "వంగే స్తంభం" అనండి. రెంటికీ కలిపి ఒకటే పేరు కావాల్సిందే అని మీ సిలబస్ వాళ్ళు పట్టుబడితే బీమ్-కాలమ్ అని తెలుగు లిపిలో రాసెయ్యండి, దూల-స్తంభం కంటే అదే నయం.