అల్లుడూ, సెన్సార్ మార్చే ముందు ఓసారి మీటర్ పెట్టి చూడు

ఒరేయ్ అల్లుడూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నా. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ మీద కాలు ఆనిస్తే చాలు కారు జర్క్ ఇస్తోంది, ఐడిలింగ్ ఊగుతోంది, చెక్ ఇంజిన్ లైట్ వచ్చిపోతోంది, స్కానర్ పెడితే పి 0121 అనే కోడ్ చూపించింది, మెకానిక్కేమో థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ (ఇంజిన్‌లోకి గాలి వదిలే రేకు, అదే థ్రాటిల్, ఎంత తెరుచుకుందో చెప్పేది) మార్చేద్దాం అన్నాడు, ఇంతేగా. అతను చెప్పింది నిజమే అయ్యుండొచ్చు, కాకపోతే కోడ్ వచ్చినంత మాత్రాన సెన్సార్ పోయినట్టు కాదు, ఆ సర్క్యూట్‌లో ఎక్కడో తేడా ఉందని అర్థం, వైరు నలిగినా కనెక్టర్ పిన్నుకి చిలుము పట్టినా అదే కోడ్ రావొచ్చు. మీ నాన్న మల్టీమీటర్ బీరువాలో పడుంది కదా, అది తియ్.

నీది పాత వ్యాగనార్, కేబుల్ థ్రాటిల్, అంటే యాక్సిలరేటర్ తొక్కితే కేబులే ఆ రేకుని తిప్పుతుంది, కాబట్టి పని తేలిక. ఆ సెన్సార్ లోపల ఉండేది పాత రేడియో వాల్యూమ్ కంట్రోల్ లాంటి సరుకే, రెసిస్టెన్స్ ట్రాక్ మీద చిన్న బ్రష్ జరుగుతుంటుంది, రేడియోలో ట్రాక్ అరిగిన చోట గరగరమంటుంది, కార్లో జర్క్ ఇస్తుంది, అంతే తేడా.

ముందు బండి చల్లారనీ. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, బ్యాటరీ నెగటివ్ తీసేసి, థ్రాటిల్ బాడీ పక్కన ఉండే ఆ చిన్న కనెక్టర్ లాక్ నొక్కి ఊడదియ్, వైర్లు పట్టుకుని మాత్రం లాగకు. కరెంట్ ఉన్న సర్క్యూట్‌లో ఓమ్స్ (రెసిస్టెన్స్) చూడకూడదు, రీడింగ్ తప్పొస్తుంది, మీటర్ కూడా పోవచ్చు. పిన్నులు పచ్చగా ఉన్నాయా, నూనె దిగిందా చూడు, ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనిచ్చాకే మిగతాది. వైరు వైపు కనెక్టర్ కన్నాల్లోకి మీటర్ ముల్లు (ప్రోబ్) దూర్చావంటే లోపలి పిన్ను వదులైపోతుంది, అప్పుడు లేని రోగం కొని తెచ్చుకున్నట్టే.

ఇక మీటర్‌ని 20కె (20 వేల ఓమ్స్) రేంజ్‌లో పెట్టు. ఆటో రేంజ్ మీటర్ అయితే రేంజ్ లాక్ చెయ్, లేకపోతే మధ్యలో పాయింట్ గెంతుతుంటే అది సెన్సార్ తప్పో మీటర్ తప్పో తెలీక జుట్టు పీక్కుంటావు. సెన్సార్‌కి మూడు పిన్నులుంటాయి, ఏది ఏదో తెలీదా, జతలు జతలుగా పెట్టి థ్రాటిల్ తిప్పి చూడు. తిప్పినా రీడింగ్ కదలని జత ఆ రెండూ ట్రాక్ చివర్లు, మిగిలిందే సిగ్నల్ పిన్ను. చివరి నుంచి చివరికి మామూలుగా కొన్ని వేల ఓమ్స్ చూపిస్తుంది, కరెక్ట్ ఫిగర్ నీ మోడల్ సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది, దాన్నే నమ్ము. మీటర్ తెర మీద ఎడమ పక్కన ఒట్టి 1 (కొన్ని మీటర్లలో OL) కనిపిస్తే ట్రాక్ తెగినట్టే, ఇంకేం చూడక్కర్లేదు.

అసలు సంగతి ఇప్పుడు. ఒక ముల్లు సిగ్నల్ పిన్నుకి, ఇంకోటి ఓ చివరకి, మొసలి క్లిప్పులుంటే అవే పెట్టు చేతులు ఖాళీగా ఉంటాయి. థ్రాటిల్ లీవర్‌ని చేత్తో మెల్లగా, ఎంత మెల్లగా అంటే విసుగొచ్చేంత మెల్లగా, మొత్తం తెరిచి మళ్ళీ మూసెయ్. అంకె ఎక్కడా ఆగకుండా, గెంతకుండా ఒకే దారిలో పెరగాలి, లేదా తగ్గాలి, ఏ చివర పెట్టావన్నదాన్ని బట్టి. చాలామంది క్లోజ్‌లో ఒక అంకె, ఫుల్‌లో ఒక అంకె చూసి సెన్సార్ బానే ఉందిరా అని మూసేస్తారు, అది టెస్టే కాదు నన్నడిగితే. ట్రాక్ ఎక్కువగా అరిగేది మొదటి పావు వంతులోనే, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నీ కాలు రోజంతా ఉండేది అక్కడే కదా. ఆ ముక్కని నాలుగైదు సార్లు తిప్పు, తిప్పుతూ స్క్రూడ్రైవర్ పిడితో సెన్సార్ మీద చిన్నగా తట్టు, రీడింగ్ ఒక్కసారిగా పడిపోయినా 1 మెరిసినా దొంగ దొరికాడు. డిజిటల్ మీటర్ నిదానం, చిన్న గెంతు మిస్ కావొచ్చు, ఎవరి దగ్గరైనా గడియారంలా సూది తిరిగే పాత ముల్లు మీటర్ దొరికితే ఈ పనికి అదే రాజు. చల్లగా ఉన్నప్పుడు బానే ఉండి బండి వేడెక్కాకే జర్క్ వస్తుంటే హెయిర్ డ్రైయర్‌తో సెన్సార్‌ని కాస్త వేడిచేసి మళ్ళీ చూడు.

రీడింగ్ నున్నగా వస్తే సెన్సార్ కొనకు. వైరింగ్ చూడు, కనెక్టర్ విడిగా ఉండగానే బ్యాటరీ తగిలించి ఇగ్నిషన్ ఆన్ చేసి, మీటర్ వోల్ట్స్‌లోకి మార్చి, వైరు వైపు ఒక పిన్నులో 5 వోల్టులు వస్తున్నాయా చూడు, ముల్లు లోపలికి తొయ్యకుండా ఆనిస్తే చాలు. ఆ తర్వాత థ్రాటిల్ బాడీలో మసి, ఐడిల్ వాల్వ్, ఎక్కడైనా గాలి లీకవుతోందా అన్నవి.

ఇంకోటి, మీ అన్న కొత్త కారు మీద ఈ ప్రయోగాలు చెయ్యకు. దానికి కేబుల్ ఉండదు, మోటారే థ్రాటిల్ తిప్పుతుంది, చాలావాటిలో సెన్సార్ కూడా అయస్కాంతంతో పనిచేసే రకం, ఓమ్స్ పెడితే ఏం తెలీదు, స్కానర్ లైవ్ డేటానే గతి, పైగా ఇగ్నిషన్ ఆన్‌లో ఆ రేకు దగ్గర వేలు పెడితే నలిగిపోతుంది.

సెన్సారే పోయిందని తేలితే పాతది విప్పే ముందు అది కూర్చున్న చోట మార్కర్‌తో గీత గీయ్, స్క్రూ కన్నాలు పొడుగ్గా ఉంటే సెన్సార్ అటూ ఇటూ జరుగుతుంది, సెట్టింగ్ తేడా వస్తే ఐడిలింగ్ మళ్ళీ మొదటికొస్తుంది. క్లోజ్, పావు, సగం, ఫుల్, ఈ నాలుగు రీడింగులూ రాసి వాట్సాప్‌లో పెట్టు, చూశాక కొనాలో వద్దో చెప్తా.

మీ మావయ్య